పాత పికప్‌కు పవర్ స్టీరింగ్: హైడ్రాలిక్ బాక్స్ మేలా, ఎలక్ట్రిక్ కాలమ్ మేలా?

పవర్ స్టీరింగ్ లేకుండా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన టాటా 207లు, మహీంద్రా జీపు ఛాసిస్ మీద కట్టిన పికప్‌లు కూరగాయల మార్కెట్లలోనూ, ఇటుక బట్టీల దగ్గరా ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. ఇంజన్ బాగుండి, ఛాసిస్‌కు తుప్పు పట్టని అటువంటి బండిని స్టీరింగ్ బరువన్న ఒక్క కారణంతో తక్కువ ధరకు వదులుకోవడం నష్టమే. రోడ్డు మీద పోతున్నంతసేపు ఆ బరువు అంతగా తెలియదు. ఇరుకు సందులో బండిని వెనక్కు తీసుకోవలసి వచ్చినప్పుడు, లోడు దింపే చోట మళ్ళీ మళ్ళీ ఫుల్ కటింగ్ (స్టీరింగ్‌ను ఒక చివర వరకు తిప్పడం) కొట్టవలసి వచ్చినప్పుడు డ్రైవరు భుజాలకు తెలుస్తుంది. దీనికి రెండు పరిష్కారాలు వినిపిస్తాయి. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపును, దానికి తగిన హైడ్రాలిక్ స్టీరింగ్ బాక్స్‌ను (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేరు పెట్టెను) అమర్చుకోవడం ఒకటి. పాత బాక్స్‌ను అలాగే ఉంచి, చిన్న కారు నుంచి తీసిన ఎలక్ట్రిక్ స్టీరింగ్ కాలమ్‌ను (స్టీరింగ్ చక్రానికీ బాక్స్‌కూ మధ్య ఉండే, మోటారు బిగించిన కడ్డీని) పైన బిగించుకోవడం రెండోది. ఈ రెండింటినీ తూచే ముందు, ఉన్న మాన్యువల్ స్టీరింగ్‌నే సరిచేసుకోవడం అనే మూడో మార్గాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎందుకంటే, కొత్తలో ఆ స్టీరింగ్ ఇప్పుడున్నంత బరువుగా ఉండి ఉండదు. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్ను) బుష్‌లకు ఏళ్ళ తరబడి గ్రీజు అందకపోవడం, థ్రస్ట్ బేరింగ్ తుప్పు పట్టి బిగుసుకుపోవడం, స్టీరింగ్‌లో వదులు (ప్లే) తగ్గించాలని ఎవరో బాక్స్ మీది స్క్రూను అతిగా బిగించడం, టైర్లలో గాలి తగ్గడం, కంపెనీ కొలత కంటే వెడల్పు టైర్లు వేయడం, ఇవన్నీ కొద్దికొద్దిగా చేరి ఆ బరువును పెంచుతాయి. దీన్ని ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. గట్టి నేల మీద బండిని నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. రెండు చక్రాలూ గాలిలో ఉండగా కూడా స్టీరింగ్ బరువుగా తిరుగుతున్నదంటే లోపం రాపిడిలో ఉన్నట్టే. అప్పుడు డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి కిందికి వేలాడే చేయి) నుంచి డ్రాగ్ లింక్‌ను (ఆ చేయిని చక్రాలకు కలిపే కడ్డీని) విడదీసి, స్టీరింగ్‌ను విడిగా, చక్రాలను చేత్తో విడిగా తిప్పి చూస్తే తప్పు బాక్స్‌దో కింగ్ పిన్నుదో బయటపడుతుంది. ఈ పరీక్ష చేయకుండా పవర్ స్టీరింగ్ పెడితే, బిగుసుకున్న కింగ్ పిన్నును యంత్రబలంతో తిప్పించినట్టవుతుంది; మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను సూటికి రాదు, జాయింట్లు తొందరగా అరుగుతాయి. అందుచేత ఏ మార్గం ఎంచుకున్నా కింగ్ పిన్ను, టై రాడ్ ఎండ్‌లు (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ చివరి జాయింట్లు), చక్రాల బేరింగ్‌లు ముందుగా సరిచేయవలసిందే. ఆ పని పూర్తయ్యాక కొందరికి పవర్ స్టీరింగ్ అవసరమే లేదనిపించవచ్చు, అదీ మంచిదే.

అప్పటికీ బరువు తగ్గకపోతే దానికి కారణం లోడు అని చాలామంది అనుకుంటారు. నిజానికి పికప్‌లో లోడు బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదనే పడుతుంది. ముందు ఇరుసు మోసేది ప్రధానంగా ఇంజన్, గేర్‌బాక్స్, క్యాబిన్. ఖాళీ బండి కూడా ఆగిన చోట తిరగనని మొండికేసేది అందుకే. వే బ్రిడ్జి మీద ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి తూయిస్తే అసలు సంఖ్య తెలుస్తుంది, ఆ సంఖ్య మీదనే తరువాతి నిర్ణయం ఆధారపడాలి. చిన్న కారు కాలమ్ ఎంత బరువు కోసం తయారైందో చూస్తే, పాత మారుతి ఆల్టో మొత్తం బరువే సుమారు 700 కిలోలు. పాత డీజిల్ పికప్ ముందు ఇరుసు ఒక్కటే అంత బరువుకు చేరవచ్చు, దాటవచ్చు కూడా.

హైడ్రాలిక్ పద్ధతి పుట్టిందే బరువు బండ్ల అవసరం నుంచి. అమెరికాలో పియర్స్-ఆరో కంపెనీ ట్రక్కుల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డబ్ల్యు. డేవిస్ అనే ఇంజనీరు 1926లో పనికొచ్చే పవర్ స్టీరింగ్‌ను నడిపి చూపించాడు. అమ్మకానికి వచ్చిన కారులో అది మొదట కనిపించింది 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియల్‌లో. నేటి బాక్స్‌లోనూ మూల సూత్రం దాదాపు అదే. స్టీరింగ్ తిప్పగానే లోపలి సన్నని టార్షన్ బార్ (మెలితిరిగే ఉక్కు కడ్డీ) కొద్దిగా మెలిపడుతుంది, ఆ మెలికను బట్టి వాల్వు తెరుచుకుంటుంది, పంపు నుంచి వచ్చిన ఆయిలు పిస్టన్‌ను అటో ఇటో నెడుతుంది. చిన్న వాహనాల్లో పంపు ఇచ్చే గరిష్ఠ ఒత్తిడి సుమారు 70 నుంచి 100 బార్ ఉంటుంది. ఆ బలం నేరుగా బాక్స్ లోపలే, డ్రాప్ ఆర్మ్‌కు దగ్గరగా పుడుతుంది కాబట్టి పైనున్న కాలమ్ మీద, జాయింట్ల మీద అదనపు భారం పడదు. హైడ్రాలిక్ పక్షాన నేను ఎక్కువ విలువ ఇచ్చే అంశం ఇదే.

అయితే దీని కష్టమంతా అమరికలో ఉంది. అదే కంపెనీ తరువాతి కాలంలో అదే ఇంజన్ కుటుంబంతో, ఫ్యాక్టరీ పవర్ స్టీరింగ్‌తో బండ్లు అమ్మి ఉంటే పంపు బ్రాకెట్టు, పుల్లీ, బాక్స్, డ్రాప్ ఆర్మ్ అన్నీ ఒకే దాత బండి (భాగాలు విప్పి తీసుకునే బండి) నుంచి దొరుకుతాయి, పని సగం అయినట్టే. విజయవాడ ఆటోనగర్ వంటి చోట వెతికేటప్పుడు విడివిడి ముక్కలుగా కొనకుండా మొత్తం సెట్టుగా కొనాలి. పంపు ఒక కంపెనీది, బాక్స్ మరొక కంపెనీది అయితే ఒత్తిడి, ఆయిలు ప్రవాహం కలవక స్టీరింగ్ ఒకచోట తేలికగా, ఒకచోట పట్టినట్టుగా తయారవుతుంది. పంపు పుల్లీ, క్రాంక్ పుల్లీ ఒకే వరుసలో లేకపోతే బెల్టు అరుస్తుంది, తరువాత జారిపోతుంది. ఫ్యాన్ కూడా అదే బెల్టు మీద ఉంటే బండి వేడెక్కే ప్రమాదం కూడా తోడవుతుంది. డ్రాప్ ఆర్మ్ విషయంలో ఏ రాజీ పనికిరాదు. స్ప్లైన్లు (షాఫ్టు మీది పళ్ళ గాళ్ళు) కుదరాలి, జాయింటు కూర్చునే టేపరు (సన్నబడే రంధ్రం) కుదరాలి, పొడవు పాతదానికి సమానంగా ఉండాలి. కుదరని ఆర్మ్‌ను కాల్చి వంచడం, కోసి వెల్డింగ్ పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

ఛాసిస్ సంగతి ఇంకా ముఖ్యమైనది. హైడ్రాలిక్ బాక్స్ ఎంత బలంగా చక్రాన్ని నెడుతుందో, అంతే బలంగా ఛాసిస్ రేకును వెనక్కి లాగుతుంది. మాన్యువల్ బాక్స్ కోసం వేసిన రంధ్రాల చుట్టూ పాత రేకు అలసిపోయి ఉంటుంది కాబట్టి, లోపలివైపు మందపాటి ప్లేటు వేసి, పెట్టె ఆకారంలో ఉన్న ఛాసిస్ అయితే బోల్టు బిగింపుకు రేకు అణగకుండా లోపల గొట్టపు ముక్కలు పెట్టించాలి. బోల్టు తల మీద 10.9 (బలాన్ని తెలిపే గ్రేడు) అని అచ్చు ఉన్నవి వాడాలి, హార్డ్‌వేర్ దుకాణంలో తూకానికి అమ్మేవి కాదు. పంపు నుంచి బాక్స్‌కు పోయే ప్రెషర్ హోస్‌ను హైడ్రాలిక్ హోసులు తయారుచేసే షాపులో క్రింపింగ్ (యంత్రంతో చివర్లను నొక్కి బిగించడం) చేయించాలి. తిరుగు ఆయిలు పైపుకు మాత్రమే క్లిప్పులు చాలు. బాక్స్ తయారీదారు చెప్పిన ఆయిలే పోయాలి. పొరపాటున బ్రేక్ ఆయిలు పోస్తే సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. ఆయిలులో చిక్కిన గాలిని తీయడానికి, ముందరి చక్రాలను లేపి, ఇంజన్ ఆపి ఉంచి, ఆయిలు నింపుతూ స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా అనేకసార్లు తిప్పాలి. నురగ ఆగిన తరువాతే ఇంజన్ వేయాలి.

ఇక ఎలక్ట్రిక్ కాలమ్. 1988లో సుజుకీ సెర్వో అనే చిన్న కారుతో మొదలైన ఈ పద్ధతి నేడు మన చిన్న కార్లలో చాలావాటిలో ఉన్నదే. కాలమ్‌లోని సెన్సారు చేతి బలాన్ని కొలుస్తుంది, కంట్రోలర్ మోటారుకు కరెంటు ఇస్తుంది. పంపు లేదు, బెల్టు లేదు, ఆయిలు కారడం లేదు. ఛాసిస్ కింద ఏదీ కదపనక్కరలేదు. డ్యాష్‌బోర్డు కింద మూడు నాలుగు బ్రాకెట్లు, రెండు షాఫ్టులను కలిపేందుకు లేత్‌లో చేయించిన ఒక స్ప్లైన్ కలపు (కప్లింగ్), మందపాటి వైర్లు, ఇంతే కాబట్టి ఇంటి దగ్గర పనికి ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మారుతి జిప్సీ బండ్ల సొంతదారుల్లో కొందరు చిన్న మారుతి కార్ల కాలమ్‌లను ఈ విధంగానే అమర్చుకున్నారు. పాత పికప్ మాన్యువల్ బాక్స్‌కు గేరు నిష్పత్తి (చక్రాలు తిరగడానికి స్టీరింగ్‌ను ఎంత తిప్పాలన్న లెక్క) ఎక్కువ కాబట్టి, చిన్న కారు మోటారు కూడా అనుకున్నదానికంటే బాగానే సాయం చేస్తుంది. కానీ ఆ నిష్పత్తి మారదు కనుక తిప్పవలసిన చుట్లు కూడా తగ్గవు. స్టీరింగ్ తేలికవుతుంది, చురుకు మాత్రం రాదు. పైగా మోటారు పుట్టించే బలమంతా కాలమ్ కింది యూనివర్సల్ జాయింట్ల ద్వారా, చేతి బలానికి మాత్రమే తయారైన పాత బాక్స్ వార్మ్ షాఫ్టు (మరలాంటి గేరు ఉన్న కడ్డీ) ద్వారా పోవాలి. అరిగిన బాక్స్ మీద ఈ కాలమ్ పెట్టడం వివేకం కాదు.

కరెంటు లెక్క చాలామంది వేయరు. నిలబడి ఉన్న బండిని తిప్పేటప్పుడు మోటారు క్షణకాలం 50 ఆంపియర్లు లాగితే 12 వోల్టుల దగ్గర అది 600 వాట్లు. చాలా పాత డీజిల్ బండ్ల ఆల్టర్నేటర్ మొత్తం సామర్థ్యమే 40 ఆంపియర్ల చుట్టూ ఉంటుంది. రాత్రిపూట లైట్లు, వైపర్లు పనిచేస్తుండగా మిగిలే లోటును బ్యాటరీ భరించాలి. పాత డీజిల్ ఇంజన్ ఒకసారి మొదలయ్యాక నడవడానికి కరెంటు దాదాపు అవసరం లేదు. బ్యాటరీ నీరసించినా బండి పోతూనే ఉంటుంది, డ్రైవరుకు అనుమానం రాదు. చివరకు మలుపు మధ్యలో సాయం ఆగిపోతుంది. కాబట్టి పెద్ద ఆల్టర్నేటర్, మంచి బ్యాటరీ, బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో సహా వచ్చే మందపాటి వైరు, ఇంజన్‌కు, ఛాసిస్‌కు కొత్త ఎర్త్ వైర్లు ఈ ఖర్చులో భాగంగానే లెక్కించాలి. కంట్రోలర్ మరో చిక్కు. అది వేగం, ఇంజన్ తిరుగుడు సమాచారాన్ని కారు నుంచి ఆశిస్తుంది. అవి అందకపోతే కొన్ని కంట్రోలర్లు మధ్యస్థమైన స్థిర సాయం ఇస్తాయి, కొన్ని పూర్తిగా పనిచేయడం మానేస్తాయి. కొనేముందు బల్ల మీద బ్యాటరీకి కలిపి సాయం వస్తున్నదో లేదో చూపించమని అడగాలి. స్థిర సాయంతో నడిచే కాలమ్ వేగంలో కూడా అంతే తేలికగా ఉంటుంది. హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో అది సుఖం కాదు, ప్రమాదం.

ఈ రెండింటిలో సాయం ఆగిపోయినప్పుడు ఏం జరుగుతుందన్నది నా దృష్టిలో అసలైన పోలిక. ఎలక్ట్రిక్ కాలమ్ ఆగితే బండి దాదాపు పాత మాన్యువల్ స్థితికే, మోటారు రాపిడి కొద్దిగా కలిపి, తిరిగి వస్తుంది. హైడ్రాలిక్ బాక్స్ అలా కాదు. పవర్ ఉంటుందన్న భరోసాతో దాని గేరు నిష్పత్తిని సాధారణంగా తక్కువగా పెడతారు. అందువల్ల చుట్లు తగ్గి సుఖంగా ఉంటుంది కానీ, బెల్టు తెగినా ఇంజన్ ఆగినా ఆ స్టీరింగ్ పాత మాన్యువల్ కంటే బరువవుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ ఇంజన్ ఆపే దురలవాటు ఉన్న డ్రైవరు చేతికి ఇటువంటి బండి ఇవ్వకూడదు.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. పసుపు నంబరు ప్లేటు బండికి 8 ఏళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అదే కంపెనీ అదే శ్రేణి బండిలో ఇచ్చిన హైడ్రాలిక్ సెట్టును బిల్లులతో చూపించి వివరించడం తేలిక. మరో కంపెనీ కారు కాలమ్‌ను, చేయించిన షాఫ్టును సమర్థించుకోవడం కష్టం. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

నా తీర్పు ఇది. రోజూ లోడు మోసే డీజిల్ పికప్‌కు, అదే శ్రేణి నుంచి పూర్తి సెట్టు దొరికేటట్టయితే, హైడ్రాలిక్ బాక్సే మేలు. సెట్టు దొరకని పాత మోడల్‌కు, తోటకూ ఊరికీ మధ్య తక్కువ వేగంతో తిరిగే జీపు పికప్‌కు, బాక్స్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు మాత్రమే ఎలక్ట్రిక్ కాలమ్ వేసుకోవచ్చు. అతుకులతో పంపు నిలబెట్టవలసి వచ్చిన హైడ్రాలిక్ కంటే అది నయం. ఏదైనా సరే విప్పడం, శుభ్రం చేయడం, బిగించడం, వైరింగ్, గాలి తీయడం ఇంటి పనులు. స్టీరింగ్ షాఫ్టు మీద వెల్డింగ్ ఇంటి పని కాదు. స్ప్లైన్ కలపును లేత్‌లో చేయించి, బిగింపు బోల్టు షాఫ్టు గాడిలో కూర్చునేలా అమర్చాలి.

బిగింపు అయ్యాక చక్రాలు సూటిగా ఉన్నప్పుడు బాక్స్ సరిగ్గా మధ్యలో ఉండాలి, ఫుల్ కటింగ్‌లో బాక్స్ తన లోపలి చివరను తాకకముందే చక్రాల దగ్గరి స్టాపర్లు తాకాలి. కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) మీద ముందు ఇరుసు ఉన్న బండిలో స్టీరింగ్ తనంతట సూటికి రాకపోతే, కమాన్ కింద పలుచని ఏటవాలు ప్లేట్లు వేయించి కాస్టర్ కోణాన్ని (కింగ్ పిన్ వెనక్కు వాలిన కోణాన్ని) కొద్దిగా పెంచవచ్చు. ఇది అలైన్‌మెంటు సెంటరులో కొలిచి చేయవలసిన పని. మొదటి వారం ఖాళీ బండితో, తక్కువ వేగంతో తిప్పి, ఆ తరువాత బాక్స్ బోల్టులన్నీ టార్క్ రెంచితో మళ్ళీ బిగించి, వాటి చుట్టూ ఛాసిస్ పెయింటులో వెంట్రుక వంటి చీలిక ఎక్కడైనా కనిపిస్తున్నదేమో లైటు పెట్టి చూసిన తరువాతే లోడు ఎక్కించాలి.