జాగ్రత్త: ‘పావురాలు దూరలేవు’ అని అమ్మే ఫీడర్లు

పిచ్చుకల కోసమని ఆన్‌లైన్‌లో పంజరం ఫీడర్ (గింజల గొట్టం, దాని చుట్టూ కమ్మీల గూడు) ఆర్డర్ పెట్టబోతున్నారా? ‘పావురాలు దూరలేవు’ అన్న మాట చాలావాటికి అట్టపెట్టె మీదే ఉంటోంది, పంజరంలో కనపడటం లేదు.

మొదట కమ్మీల మధ్య సందు చూడండి. పిచ్చుక 32 మిల్లీమీటర్ల కన్నంలోంచి హాయిగా దూరుతుంది. బాల్కనీలకు కట్టే పావురాల వల గడి 50 మిల్లీమీటర్లు. కాబట్టి ఫీడర్‌కి 35 నుంచి 40 ఉంటే చాలు. 60 ఉందంటే సన్నపాటి పావురం ఒళ్లు ముడుచుకుని లోపలికొచ్చేస్తుంది. తర్వాత బయటికి దారి తెలియక రెక్కలు కొట్టుకుంటూ గింజలన్నీ కింద పోస్తుంది. స్కేలు చేతిలో లేకపోతే టేబుల్ టెన్నిస్ బంతి తీసుకోండి, దాని అడ్డుకొలత 40. అది కమ్మీల మధ్య నుంచి ఏమాత్రం తగలకుండా జారిపోయిందా, సందు ఎక్కువున్నట్టే. ఈ కొలతలు పెట్టె విప్పుతూ, వీడియో తీస్తూ చూసుకోండి. ఒక్కసారి గింజలు పోశాక ‘వాడేశారు’ అంటారు, వాపసు తీసుకోరు.

సందు సరిగ్గా ఉన్నా దెబ్బతినే చోటు ఇంకోటుంది. పావురానికి ఒళ్లు పట్టకపోయినా తల, మెడ పడతాయి. కమ్మీ పట్టుకుని వాలి, మెడ లోపలికి చాచి, ముక్కుతో గింజల్ని అటూ ఇటూ చిమ్ముతుంది. తినేది నాలుగు గింజలు, రాల్చేది దోసెడు. ఆ రాలినవాటి కోసం కింద ఇంకో పది చేరతాయి. అందుకే గింజల గొట్టానికీ కమ్మీకీ మధ్య అన్ని వైపులా కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. అమ్మేవాళ్లు ఈ కొలత రాయడం అరుదు, అడిగి చెప్పించుకోండి. ‘గింజలు రాలకుండా’ అంటూ ఉచితంగా ఇచ్చే వెడల్పాటి పళ్లెం మాత్రం బిగించకండి. పావురానికి వేలాడుతూ తినడం చేతకాదు, కాళ్లు ఆనించుకోవడానికి చదునైన చోటు కావాలి. ఆ చోటు మనమే ఇచ్చినట్టవుతుంది.

బరువు పడితే మూసుకునే ఫీడర్ల ధర ఇంకా ఎక్కువ, చిక్కూ ఎక్కువే. ఆ నమూనాల్లో చాలావాటి స్ప్రింగు అమెరికా బూడిదరంగు ఉడుత కోసం పెట్టింది. అది అరకిలో దాకా తూగుతుంది. మన పావురం 300, 350 గ్రాములు, మన చారల ఉడుత 100 చిల్లర. మూత ఎందుకు కదులుతుంది? కొన్నాక పావుకిలో పంచదార పొట్లం పిట్ట వాలే కమ్మీకి వేలాడదీయండి. మూత పడకపోతే, బిగింపు తగ్గించే మర కూడా లేకపోతే వెనక్కి పంపేయండి.

శబ్దంతో పావురాల్ని తరిమేస్తాయనే అల్ట్రాసోనిక్ పెట్టెల జోలికి అసలు పోవద్దు. మనకు వినపడనంత పైస్థాయి శబ్దం పావురానికీ వినపడదు. పావురాలు వాలకుండా పూసే జిగురు జెల్ అంతకన్నా ఘోరం, పావురం కంటే ముందు పిచ్చుక రెక్కలే దానికి అంటుకుపోతాయి.

గింజల సంగతి. ‘మిక్స్‌డ్ బర్డ్ ఫుడ్’ ప్యాకెట్లో అడుగుబొడుగు మొక్కజొన్న పలుకులు, గోధుమలు, జొన్నలు ఉంటే అది పావురాల భోజనం. పిచ్చుక అందులోంచి కొర్రలు ఏరుకుని మిగతావి విసిరేస్తుంది. కిరాణా కొట్లో కొర్రలు, నూకలు విడిగా కొనుక్కోండి, ఖర్చూ తక్కువే. పొద్దున్నే యాభై గ్రాములు, గంటలో అయిపోయేలా. వానాకాలంలో గొట్టం అడుగున తడిసిన గింజ రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఉన్నదంతా పారబోసి కడిగి ఆరబెట్టాకే మళ్లీ పోయాలి. కింద ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చకండి. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తీయండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇంత డబ్బు పోయడం ఎందుకనుకునేవాళ్లకు వరి కంకుల కుచ్చు ఉండనే ఉంది. రెయిలింగుకీ గోడకీ రెండడుగుల దూరంలో, సన్నటి తాడుతో, గాలికి ఊగేలా కట్టండి. పిచ్చుక కంకిని పట్టుకుని తలకిందులుగానైనా తింటుంది. పావురం ఒకటి రెండుసార్లు ఎగిరి చూసి, కాలు నిలవక పక్కింటి పిట్టగోడకి పోతుంది.