అమ్మ డాలస్ రావాలి: దుబాయ్ మీదుగానా, లండన్ మీదుగానా?

ఎండాకాలం దగ్గరపడితే చాలు, డాలస్‌లో మనవాళ్లు ఎదురైనప్పుడల్లా ఒకటే ప్రశ్న: "అమ్మావాళ్లకి టికెట్ ఎటునుంచి తీశారు?" మొన్న మా అమ్మ టికెట్ కోసం నేనూ వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం లాగి పట్టుకుంటే దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారం ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది. దుబాయ్‌లో ఆగి వస్తే సుమారు 15,450, లండన్‌లో ఆగితే సుమారు 15,400. దుబాయ్ చుట్టుదారి అనుకునేవాళ్లం కదా, తేడా యాభై కిలోమీటర్లే! గాల్లో గడిపే సమయం కూడా ఎటైనా 20, 21 గంటలే.

కాబట్టి చూడాల్సింది దూరం కాదు, ఆ ఇరవై గంటలు ఎక్కడ తెగుతున్నాయన్నది. లండన్ అయితే పది, పది. దుబాయ్ అయితే నాలుగు, పదహారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పది, పదే నయమని మొదట నేనూ అనుకున్నాను. కానీ అమ్మకి ఇంగ్లీష్ రాదు. పది గంటల ప్రయాణం తర్వాత, నిద్ర లేక కళ్లు మండుతుంటే, లండన్ హీత్రూ విమానాశ్రయంలో టెర్మినల్ మారాల్సి వస్తే? దుబాయ్‌లో విమానం మారే తతంగం ఇల్లు వదిలిన కొద్ది గంటలకే, ఒంట్లో ఓపిక ఉండగానే అయిపోతుంది. హిందీతో పని జరుగుతుంది. గేటు నంబరు కాగితం మీద రాసిచ్చాను గానీ అమ్మ దాన్ని తెరవనే లేదట. "పెట్టెకి పసుపు రిబ్బన్ కట్టుకున్న ఆవిడ మనమరాలి దగ్గరికి డాలసే వెళ్తోందిరా, ఆవిడ వెనకే పోయాను" అంది. ఇక ఎక్కి కూర్చుంటే దిగేది డాలస్‌లోనే.

పదహారు గంటలు కూర్చోవడం తేలికేం కాదు. అమ్మ పాదాలు వాచిపోయి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. నడవా పక్క సీటు ముందే తీసుకోండి, గంటకోసారి లేచి నడవమనండి. గుండె జబ్బో, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్రో ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే టికెట్ తీయండి. వాళ్లకి లండనే సరి కావచ్చు.

దోహా దుబాయ్‌లాంటిదే, ఫ్రాంక్‌ఫర్ట్ లండన్‌లాంటిదే. ఢిల్లీ మీదుగా చికాగో వచ్చి అక్కడ మారడం పెద్దవాళ్లకి నేను చెప్పను. ఇమిగ్రేషన్ చికాగోలోనే, పెట్టెలు తీసుకుని మళ్లీ వెయ్యడమూ అక్కడే. పైగా 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి తన గగనతలం మూసేయడంతో ఢిల్లీ నుంచి పడమటికెళ్లే దారులు పొడవయ్యాయి.

దుబాయ్‌లో రెండు గంటలకి తక్కువ లేఓవర్ (రెండు విమానాల మధ్య విరామం) మాత్రం వద్దు. వీల్‌చైర్ టికెట్‌తోనే అడగండి. అమ్మ తిరుగు ప్రయాణం కూడా దుబాయ్ మీదుగానే తీశాను. అటు వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి ఆ పదహారులో ఓ గంటకి పైగా తగ్గుతుంది.