చార్టు మీద 6/6, ప్రూఫ్ కాగితం మీద మాత్రం మసక: పొడి కళ్ళతో ఏడేళ్ళు, నేను వాడినవన్నీ

2018లో ఒక శుభలేఖలో 'వధువు' బదులు 'వదువు' అని పడింది. 600 కార్డులు. ప్రూఫ్ చూసింది నేనే, రెండుసార్లు చూశా, రెండుసార్లూ నాకు ధ కింద గీత కనబడింది, అంటే కనబడిందనే అనుకున్నా. పెళ్ళికూతురి నాన్నగారు కౌంటర్ దగ్గర కార్డు పట్టుకుని ఏమీ అనకుండా నిలబడ్డారు చూడండి, అది ఇప్పటికీ గుర్తే. మా ఓనర్ గారు మళ్ళీ వేసి ఇచ్చారు, నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చా. నేను పనిచేసే ప్రెస్సు హైదరాబాదు చిక్కడపల్లిలో ఉంది, అప్పటికి పదిహేనేళ్ళుగా డీటీపీ, ప్రూఫ్ రీడింగ్ రెండూ చేస్తున్నా, ద-ధ, ప-ష, మ-య నా కళ్ళు దాటిపోవడం అంతకుముందు లేదు.

అద్దాల పవర్ మారిందేమో అనుకుని కళ్ళజోడు షాపుకి వెళ్ళా, కొత్త సిలిండర్ పవర్ (కంటి వంపులో తేడాకి ఇచ్చే నంబర్) రాసిచ్చారు. నాలుగు నెలలకి మళ్ళీ ఏదో తేడాగా ఉంటే ఇంకో చోట చూపించా, వాళ్ళు ఇంకో నంబర్ చెప్పారు. ఒకే ఏడాదిలో రెండు జతల అద్దాలు, రెండూ పొద్దున బాగానే ఉంటాయి, మధ్యాహ్నం మూడయ్యేసరికి స్క్రీన్ మీద అక్షరాలకి నీడ వచ్చినట్టు ఉంటుంది, ఒకసారి గట్టిగా రెప్ప కొడితే తేటపడుతుంది, మళ్ళీ మూడు నాలుగు సెకన్లకే మసక. ఎక్కడ చూపించినా "చూపు 6/6 ఉంది మేడం, ఏం లేదు" అనేవాళ్ళు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. చార్టు ముందు కూర్చున్నప్పుడు మనం రెప్ప కొట్టి ఒక వరస చదివేస్తాం, మళ్ళీ రెప్ప కొట్టి ఇంకో వరస చదువుతాం. రోజంతా 9 పాయింట్ల అక్షరాలు కన్నార్పకుండా చూసేవాళ్ళకి ఆ రెండు రెప్పల మధ్య ఏం జరుగుతుందో ఆ చార్టులో పడదు. ఈ పొడి కళ్ళ జబ్బు గురించి నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే, అందరూ దీన్ని మంట, దురద అని అనుకుంటారు, నాకు మాత్రం ఇది చూపు జబ్బు.

ఇంకో గందరగోళం ఏంటంటే నా కళ్ళు పొడిగా లేవు, ఊరికే నీళ్ళు కారేవి. బండి మీద వెళ్తే కారడం, ఏసీలో కూర్చుంటే కారడం. అందుకే పొడిబారడం అన్న ఆలోచనే రాలేదు. ఇంటి దగ్గర మెడికల్ షాపులో అబ్బాయి "ఇది వేస్కో అక్కా, ఎరుపు వెంటనే పోతుంది" అని ఒక చుక్కల మందు ఇచ్చాడు, నిజంగానే పది నిమిషాల్లో కళ్ళు తెల్లగా అయిపోయేవి, నేను ఐదారు నెలలు వాడేశా. దయచేసి ఈ పని చేయకండి. ఆ ఎరుపు తగ్గించే చుక్కలు కంట్లో రక్తనాళాల్ని బిగిస్తాయంతే, ప్రభావం తగ్గగానే ఇంతకుముందు కంటే ఎర్రగా అవుతాయి, మళ్ళీ వేస్తాం, మళ్ళీ ఎరుపు. పొడిదనానికి అందులో మందేమీ లేదు.

చివరికి 2019లో ఒక కార్నియా (కనుగుడ్డు ముందుండే పారదర్శక పొర) డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే సరిగ్గా అరగంట చూశారు. కింది రెప్పలో చిన్న కాగితం ముక్క తగిలించి 5 నిమిషాలు కళ్ళు మూసుకోమన్నారు, అది ఎంత మేర తడిసిందో కొలుస్తారు, 5 మిల్లీమీటర్ల లోపు అయితే నీళ్ళు బాగా తక్కువ ఉన్నట్టు. నాకు 13 వచ్చింది, అంటే నీళ్ళకి కొదవ లేదు. తర్వాత పచ్చరంగు మందు వేసి నీలం లైటులో రెప్ప కొట్టకుండా ఉండమన్నారు, కన్నీటి పొర ఎన్ని సెకన్లలో విరిగిపోతుందో చూడటానికి. 10 సెకన్లు దాటితే మంచిది అన్నారు, నాది 3 సెకన్లు. అదీ సంగతి, రెప్ప కొట్టిన మూడు సెకన్లకి మసక రావడం నా భ్రమ కాదని ఆ రోజు తెలిసింది. నిజం చెప్తున్నా, పొడి కళ్ళు అని జబ్బు పేరు విని సంతోషపడ్డా.

ఆవిడ చెప్పింది నా మాటల్లో చెప్తా. ఆవకాయ జాడీలో పైన నూనె తేలాలి కదా, లేకపోతే ముక్క ఎండిపోయి పాడవుతుంది. కన్నీటి మీద కూడా అలాంటి సన్నటి నూనె పొర ఉంటుంది, అది ఉంటేనే కింద నీరు ఆవిరి అవ్వదు. ఆ నూనె రెప్పల అంచుల్లో ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. నావి మూసుకుపోయాయి, డాక్టర్ గారు రెప్పని కొంచెం నొక్కితే నూనె బదులు టూత్‌పేస్ట్ లాగా గట్టిగా వచ్చింది. నూనె లేక నీరు ఆవిరైపోతుంది, కన్ను మండుతుంది, మండగానే మెదడు ఒకేసారి బోలెడు నీళ్ళు పంపిస్తుంది, అవి నాసిరకం నీళ్ళు, చెంపల మీదికి కారిపోతాయి తప్ప కన్నుకి అంటుకోవు. కన్నీటి పొర నున్నగా ఉంటేనే చూపు తేటగా ఉంటుంది, అది ఎగుడుదిగుడు అయితే ఎంత మంచి అద్దాలు పెట్టినా లాభం లేదు. నా పవర్ షాపుకో రకంగా ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఇక వాడినవి. మొదట సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) 0.5 శాతం చుక్కలు, అంటే కన్నీళ్ళ బదులు వేసే తడి చుక్కలు, చాలామందికి ముందు ఇవే ఇస్తారు, చల్లగా హాయిగా ఉంటుంది, నాకు మాత్రం 20 నిమిషాలు దాటేది కాదు. 1 శాతం వేస్తే ఎక్కువసేపు ఉంటుంది కానీ చిక్కగా ఉంటుంది కాబట్టి వేసిన ఐదు పది నిమిషాలు అంతా మసక, పని మధ్యలో కుదరదు. నేను చేసిన పెద్ద తప్పు ఏంటంటే సీసా మీద ఏం రాసుందో చూడకుండా రోజుకి ఎనిమిది తొమ్మిది సార్లు వేశా, అందులో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపేది) ఉంది, ఎక్కువసార్లు వేస్తే అదే కంటి పైపొరని దెబ్బతీస్తుంది. రోజుకి నాలుగుసార్ల కంటే ఎక్కువ అవసరం అయితే ప్రిజర్వేటివ్ లేనివే అడగండి. ఇప్పుడు నాది ప్రిజర్వేటివ్ లేని సోడియం హయాలురోనేట్ అనే ఇంకో రకం తడి చుక్కలు, ఖరీదు నేను ముందు వాడినదానికి దాదాపు మూడింతలు, నెలనెలా అంత పెట్టడం మా ఇంట్లో చిన్న విషయం కాదు, అయినా మిగతావి తగ్గించుకుని ఇదే కొంటున్నా, ఒక చుక్కతో గంటన్నర గడుస్తుంది. రాత్రి పడుకునే ముందు జెల్, అది వేశాక ఫోన్ చూడటం అవ్వదు, లైటు తీసేశాకే వేస్తా. రెండు రకాల మందులు ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

కానీ చుక్కల కన్నా నన్ను నిలబెట్టింది కాపడం. గడ్డకట్టిన నెయ్యి కరగాలంటే వేడి తగలాలి కదా, రెప్పల్లో గడ్డకట్టిన నూనెకీ అంతే. మొదట్లో వేడినీళ్ళలో గుడ్డ ముంచి పెట్టేదాన్ని, నిమిషంలో చల్లారిపోయేది, నెల రోజులు చేసి ఇది పనిచేయదు అని మానేశా. తర్వాత డాక్టర్ గారు చెప్తే తెలిసింది, కనీసం ఐదు నుంచి పది నిమిషాలు ఒకే వేడి ఉండాలట, 40 డిగ్రీలు దాటి ఉండాలి, అలాగని రెప్ప కాలకూడదు. ఇప్పుడు కరెంటుతో వేడయ్యే మాస్క్ ఉంది, అది కొనకముందు పాత కాటన్ సాక్సులో బియ్యం పోసి ముడేసి మైక్రోవేవ్‌లో వేడిచేసి, ముందు మణికట్టు మీద పెట్టి చూసుకుని, అప్పుడు కళ్ళ మీద పెట్టుకునేదాన్ని, అదీ బాగానే పనిచేసింది. తీసిన వెంటనే వేలితో పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి మెల్లగా నిమరాలి, తర్వాత రెప్పల అంచులు తుడవాలి. ఆరు వారాలకి తేడా తెలిసింది. ఊరెళ్ళి నాలుగు రోజులు మానేస్తే ఐదో రోజు మళ్ళీ ఇసక పోసినట్టు గరగర మొదలు.

సైక్లోస్పోరిన్ 0.05 శాతం చుక్కలు కూడా ఇచ్చారు, లోపల వాపు తగ్గడానికి. మొదటి నెల వేసినప్పుడల్లా కారం పడ్డట్టే ఉండేది, మూడు నెలలు ఏ మార్పూ లేదు, ఆపేద్దామని ఫోన్ చేస్తే "ఆరు నెలలు ఓపిక పట్టండమ్మా" అన్నారు. నాలుగో నెల చివర్లో ఒకరోజు సాయంత్రం వరకు చుక్కలు వేయడమే మర్చిపోయా, అప్పుడు తెలిసింది పనిచేస్తోందని. అది పనిచేసే లోపు రెండు వారాలు స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు, ఎంత హాయిగా ఉంటుందంటే ఆపబుద్ధి కాదు, కానీ దాన్ని సొంతంగా కొనసాగించకండి, కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, శుక్లాలు వస్తాయి.

ఒమేగా త్రీ క్యాప్సూల్స్ ఏడాది మింగా, నాకు ఏమీ తెలియలేదు. అమెరికాలో 500 మందికి పైగా మీద ఏడాదిపాటు చేసి 2018లో అచ్చువేసిన పరీక్షలో కూడా ఆలివ్ నూనె క్యాప్సూల్ మింగినవాళ్ళ కంటే వీటిని మింగినవాళ్ళకి ఎక్కువ లాభం కనబడలేదట. క్యాప్సూల్స్ మానేశా, అవిసె గింజల పొడి మాత్రం అన్నంలో రుచిగా ఉంటుందని చేసుకుంటున్నా. మా అత్తగారు నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టేవారు, మూసిన రెప్పల మీద చల్లగా బాగుంటుంది, దానికేం అడ్డు లేదు. కానీ ఆముదం, తేనె, పాలు కంట్లో పోయమని ఎవరు చెప్పినా పోసుకోకండి.

రోజువారీ బతుకులో ఏం మారింది అంటే, అన్నిటికంటే ముందు కాటుక. చిన్నప్పటి నుంచి అమ్మ పట్టిన కాటుకే పెట్టుకునేదాన్ని, రెప్ప లోపలి అంచున. నూనె గ్రంథుల నోళ్ళు సరిగ్గా అక్కడే ఉంటాయి, కాటుక వాటిని పూడ్చేస్తుంది. మానేసి ఆరేళ్ళు, ఇప్పటికీ పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు అద్దం ముందు మనసు చివుక్కుమంటుంది. అమ్మకి చెప్పినప్పుడు ఆ కాటుక భరిణె తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది.

రాత్రిపూట బండి నడపడం మానేశా. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర ఎదురొచ్చే హెడ్‌లైట్లు పువ్వుల్లా విచ్చుకుపోయి రోడ్డు దాటే మనిషి కనబడలేదు ఒకసారి, బ్రేక్ పడింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మెట్రో, చిక్కడపల్లిలోనే స్టేషన్ ఉండటం నా అదృష్టం, అందులో కూడా ఏసీ గాలి ముఖం మీద పడని చోటు చూసుకుని నిలబడతా. మన హైదరాబాదులో ఏప్రిల్, మే పొడిగాలి, డిసెంబర్ పొద్దుటి చలి, రెండూ నాకు కష్టమే, వానాకాలం మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు, గృహప్రవేశాల్లో హోమం దగ్గర పక్కలు మూసిన కళ్ళజోడు పెట్టుకుంటా, చూసినవాళ్ళు ఏమనుకున్నా సరే. "ఏడ్చావా?" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. బయటికి ఏమీ కనబడని జబ్బు కదా, పొద్దున కళ్ళు తెరవాలంటేనే భయపడే రోజులు ఉంటాయంటే ఎదుటివాళ్ళకి అర్థం కాదు, వాళ్ళ తప్పు కూడా కాదు.

పని దగ్గర మానిటర్ని కిందికి దించా, చూపు కిందికి ఉంటే కన్ను తక్కువ తెరుచుకుంటుంది, తక్కువ ఆరుతుంది. స్క్రీన్ చూసేటప్పుడు మనకి తెలియకుండానే రెప్పలు కొట్టడం సగానికి పైగా పడిపోతుంది, కొట్టినా సగం సగం కొడతాం, అందుకే ప్రతి పేరా చివర కళ్ళు పూర్తిగా మూసి రెండు లెక్కపెట్టి తెరుస్తా. ఫైనల్ ప్రూఫ్ కాగితం మీద ప్రింట్ తీసి పొద్దున పన్నెండు లోపే చూస్తా, శుభలేఖ అయితే పేర్లు, వావివరసలు మాతో పనిచేసే అమ్మాయి చేత పైకి చదివిస్తా.

రెండు విషయాలు మర్చిపోకముందే. మీకు నోరు కూడా ఎండిపోతూ, కీళ్ళనొప్పులు ఉంటే షోగ్రెన్ సిండ్రోమ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల్ని దెబ్బతీసే జబ్బు) గురించి డాక్టర్ గారిని అడగండి, దానికి రక్తపరీక్షలు ఉంటాయి, నాకు చేస్తే లేదని వచ్చింది. ఇంట్లో ఎవరికైనా శుక్లాల ఆపరేషన్ ఉంటే ముందు కళ్ళు పొడిగా ఉన్నాయేమో చూపించండి, మా అమ్మకి లెన్స్ కొలతలు రెండుసార్లు రెండు రకాలుగా వస్తే పొడిదనానికి నెల రోజులు మందు వాడాక మళ్ళీ కొలిచి అప్పుడు చేశారు. ఎక్కడ చూపించాలి అని అడిగేవాళ్ళకి, మెహదీపట్నంలో సర్కారు సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది, ఎక్కడికెళ్ళినా కార్నియా విభాగం అని అడగండి.

పోయిన నెల చెకప్‌లో కన్నీటి పొర 7 సెకన్లు నిలబడింది. చుక్కలు రోజుకి నాలుగు, ఐదు. సైక్లోస్పోరిన్ ఇంకా నడుస్తోంది, ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్డ్ లైట్) అనే లైటు చికిత్స చేయించుకోమన్నారు, దానికి డబ్బు కూడబెడుతున్నా. సీసా తెరిచిన తారీఖు పెన్నుతో దాని మీదే రాస్తా, నెల దాటితే పారేస్తా, ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ప్రెస్సులో కీబోర్డు పక్కన.