రాత్రి మేలుకోవడానికి టీనా, మాత్రా?

మా బాబాయి కావలి నుంచి చెన్నైకి రొయ్యల లోడు తోలుతాడు. మొన్న హైవే పక్కన బంకులో, టీ మీద మీగడ ఊదుకుంటూ అడిగాడు: “అబ్బయా, ఇదీ నిద్ర ఆపేదే, కొందరు వేసుకునే ఆ మాత్రా నిద్ర ఆపేదే. తేడా ఏముంది?”

చాలా ఉంది. మెదడులో న్యూరాన్లకు తోడుగా గ్లియా కణాలుంటాయి. వాటిలో ఆస్ట్రోసైట్లనే కణాలు వదిలే ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) అడెనోసిన్ అనే నిద్ర తెప్పించే రసాయనంగా మారుతుంది. మేలుకున్నకొద్దీ అడెనోసిన్ పేరుకుని కళ్లు మూతలు పడతాయి. టీలోని కెఫీన్ ఆ అడెనోసిన్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది, అంతే. సుమారు 5 గంటల్లో సగం దిగిపోతుంది.

బాబాయి అడిగిన ఆ మాత్ర, అంటే మెథాంఫెటమైన్ అనే మాదకద్రవ్యం, అలా కాదు. మెదడుకు హుషారు తెచ్చే డోపమైన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా రెచ్చిపోయి, వాపు తెచ్చే రసాయనాలు వదులుతాయి. న్యూరాన్లను ఉసిగొల్పే గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఆస్ట్రోసైట్లు ఎప్పటికప్పుడు ఊడ్చెయ్యాలి. ఆ పని కుంటుపడుతుంది. మిగిలిపోయిన గ్లుటమేట్ న్యూరాన్లనే దెబ్బతీస్తుంది. నన్ను బాగా భయపెట్టింది మరొకటి: మానేసినవాళ్ల మెదడు స్కాన్లలో కూడా మైక్రోగ్లియా రేగే ఉన్నాయి. (ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ అనే సమస్యకు డాక్టరు కొలిచి ఇచ్చే ఇలాంటి మందుల సంగతి వేరు.)

ఆ మాత్ర జోలికి పోవద్దని బాబాయికి చేతులు పట్టుకుని చెప్పాను. టీ కూడా నిద్రను వాయిదా వేస్తుందేగానీ, పేరుకున్న అడెనోసిన్‌ను తగ్గించేది నిద్రేనని చెప్పాను. ఐసు కరుగుతుందేమోనని టెన్షన్ పడుతూనే, లారీ పక్కకు పెట్టి క్యాబిన్లో అరగంట నడుం వాల్చాడు.