దేవ్‌మాలి దారిలో పదకొండు కిలోల బరువు

ఒడిశాలోని దేవ్‌మాలి శిఖరం ఎక్కుదామని కొరాపుట్ స్టేషన్లో సైకిళ్లు దించుకుంటున్నప్పుడే మా బావ నా సామాను చూసి నవ్వాడు. ఆయనది రాయగడ, ఈ కొండలు కొత్త కాదు. టెంటు, దుప్పట్లు, పనిముట్లు కలిపి పదకొండు కిలోలు హ్యాండిల్‌కే కట్టాను. ముందు చక్రాన్ని పట్టుకుని గుంతల్లో కుంగి లేచేది ఫోర్కు; అది ఎంత కుంగిందో దాని గొట్టం మీది రబ్బరు రింగు చూపుతుంది. ఎక్కి కూర్చోగానే ఆ రింగు 42 మిల్లీమీటర్ల దగ్గరకు జరిగింది. ఇంట్లో ఉత్త సైకిలు మీద 30 దగ్గర ఆగేది. ఫోర్కు మొత్తం కదలిక 120 కాబట్టి 25 శాతం కుంగుడన్నమాట. కొండదారికి 25 నుంచి 30 శాతం వరకు బాగుంటుంది. ఇప్పుడున్నట్టు 35 శాతం అయితే గుంతను మింగడానికి జాగా ఎక్కడిది? సునాబేడ దాటాక కంకర మీద ఫోర్కు రెండుసార్లు అడుగంటా దిగి ఠక్కుమంది.

సెమిలిగుడలో దిగిన లాడ్జికి పెద్ద హంగు లేదు. పడక శుభ్రం, వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇస్తారు, సైకిళ్లకు మెట్ల కింద చోటు. యజమాని తాతగారు సాలూరు నుంచి వచ్చి స్థిరపడ్డారట. "బరువంతా ఇక్కడే ఉంచి వెళ్లండి బాబూ, కొండమీద దానితో పనేముంది?" అన్నారు. వినలేదు. మర్నాడు సామాను మొత్తం సీటు వెనక్కి మార్చాను.

అది ఇంకా తప్పు. రింగు 20 దగ్గరే నిలిచింది. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి దారి తప్పుతోంది. దిగుడు మలుపుల్లో పట్టు లేక జారుతోంది. గాలి తగ్గిస్తే ఫోర్కు మెత్తబడుతుంది కదా అని, ఫోర్కులో గాలి సరిచేసే షాక్ పంప్ తీశాను. బావ చేయి పట్టుకుని ఆపాడు. దిగుడులో బ్రేకు నొక్కితే బరువు ముందుకే వస్తుంది, అప్పుడు మెత్తటి ఫోర్కు ముక్కు దించేస్తుంది. తప్పు గాలిది కాదు, మూటది.

ఆ రాత్రి కొండ కింద ఒక ఇంట్లో బస. చోడి అంబలి, కోడి కూర అద్భుతం. చలికి మాత్రం ఇచ్చిన రెండు కంబళ్లూ చాలలేదు, స్నానాల గది ఇంటి వెనక చాలా దూరం. అయినా ఒక పెద్ద గుణం ఉంది: సామాను దాచి పెడతారు. నేను బసకు మార్కులు వేసేది ఇప్పుడు దాని మీదే.

ఏడు కిలోలు అక్కడ వదిలాను. పనిముట్లు, నీళ్లు పెడళ్లకు దగ్గరగా ఫ్రేము మధ్యలో, ఒక్క దుప్పటి ముందు. రింగు 31. దేవ్‌మాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. మంచు విడేసరికి శిఖరం మీదున్నాం. దిగేటప్పుడు సీటు వదిలి, బరువు పెడళ్ల మీద ఆనించి, చేతులు తేలికగా ఉంచాను. వెనక సస్పెన్షన్ లేని సైకిలుకు మోకాళ్లే స్ప్రింగులు. ముందు చక్రం రాయి రాయికీ అతుక్కుంటూ దిగింది.

తిరుగుదారిలో సెమిలిగుడ లాడ్జి ఆయన నా వెనక మూట కోసం చూశారు. అది బావ భుజాన ఉంది.