పాత ల్యాప్‌టాప్‌లు కొనేవారికి జాగ్రత్త: డబ్బు మీది, పెత్తనం మరొకరిది

అమలాపురంలో మాది ఏడుగురం పనిచేసే చిన్న అకౌంట్ల కార్యాలయం. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు, రైసు మిల్లుల వారు, రొయ్యల చెరువుల రైతులు మా దగ్గర లెక్కలు రాయిస్తారు, జీఎస్‌టీ రిటర్నులు వేయిస్తారు. 2025 జూన్‌లో రాజమహేంద్రవరంలోని ఒక దుకాణంలో ఆరు రీఫర్బిష్డ్, అంటే వాడినవాటిని బాగుచేసి మళ్లీ అమ్మే ల్యాప్‌టాప్‌లు కొన్నాను. ఒక్కొక్కటి 26,500 రూపాయల చొప్పున మొత్తం 1,59,000 అయింది. వాటిలో మూడింటి మీద పెత్తనం మాది కాదని సెప్టెంబరులో తెలిసింది. కోనసీమలో, భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు నాలాంటి చిన్న కార్యాలయాల వారు ఇలాంటి యంత్రాలే కొంటున్నారు. ఇంటి నుంచి పనిచేసే పిల్లలకు తల్లిదండ్రులూ కొంటున్నారు. నా డబ్బు పోయింది సరే, మీదైనా పోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మాకు ఇన్ని ల్యాప్‌టాప్‌లు ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లకు వెళ్లిపోయి పని చేశాం. అది అలాగే అలవాటైంది. మలికిపురం నుంచి ఒకరు, ముమ్మిడివరం నుంచి ఇద్దరు, పి.గన్నవరం దగ్గర లంక గ్రామం నుంచి ఒకరు ఇప్పటికీ ఇంటి నుంచే పని చేస్తారు. గోదావరికి వరద వచ్చి కాజ్‌వే మునిగితే ఆ లంక గ్రామం అమ్మాయి పడవ ఎక్కితే తప్ప బయటికి రాలేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉండబట్టే ఆ రోజుల్లోనూ పని ఆగలేదు. అయితే మా పాత యంత్రాలన్నీ విండోస్ 10 వి. దానికి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగుస్తుందని అంతకు ముందే తెలుసు. రైతుల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉండే యంత్రాల్లో భద్రతా నవీకరణలు ఆగిపోతే ఎలా అనిపించింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మావాటిలో లేదు. కొత్తవి కొనే స్తోమత లేదు. అందుకే రీఫర్బిష్డ్ వైపు వెళ్లాను.

దుకాణంలో చూసినప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే రకం గట్టి ల్యాప్‌టాప్‌లు. కీబోర్డులు శుభ్రంగా ఉన్నాయి, బ్యాటరీలు మూడు గంటలు నిలిచాయి, విండోస్ 11 వేసి ఉంది. మూతల మీద ఏదో స్టిక్కరు గీకేసిన చారలు మాత్రం కనిపించాయి. ‘కంపెనీల లీజు మాల్ అండీ, అలాగే ఉంటుంది’ అన్నారు. నమ్మాను. బిల్లు మీద ‘పాత కంప్యూటర్లు – 6’ అని ఒకే వాక్యం రాసి ఇచ్చారు. సీరియల్ నంబర్లు లేవు. అడగాలని నాకు తట్టలేదు. లెక్కలు రాసి బతికే మనిషిని, అడగకపోవడం నా తప్పే.

సెప్టెంబరు 17న మలికిపురం నుంచి మా ఉద్యోగిని ఫోను చేసింది. ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని, ఫైళ్లన్నీ వేరే చోట దాచుకుని రీసెట్ చేశానని, అంటే లోపలిదంతా చెరిపి విండోస్‌ను మొదటి నుంచి మొదలుపెట్టానని చెప్పింది. రీసెట్ అయ్యాక భాష అడిగింది, కీబోర్డు అడిగింది, వైఫై అడిగింది. వైఫై కలపగానే ఎప్పుడూ పేరు వినని ఒక కంపెనీ పేరు, దాని గుర్తు తెర మీదికి వచ్చాయి. ‘మీ కంపెనీ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి’ అని అడుగుతోంది. వెనక్కి వెళ్లడానికి దారి లేదు. ఇరవయ్యో తేదీ 3బీ అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్నుల గడువు. ఆ మూడు రాత్రులు ఆమె వాళ్ల అన్నయ్య కంప్యూటర్ ముందు కూర్చుని పదకొండు మంది వ్యాపారుల రిటర్నులు పూర్తి చేసింది. ఆమె ముందుగా ఫైళ్లు దాచుకోకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ తెర ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. ఇంటి నుంచి పని పెరిగాక కంపెనీలు ల్యాప్‌టాప్‌ను నేరుగా ఉద్యోగి ఇంటికే పంపుతున్నాయి. ఇంజినీరు వచ్చి అమర్చడు. ఉద్యోగి పెట్టె విప్పి వైఫై కలిపితే యంత్రం తనంతట తానే కంపెనీ ఆధీనంలోకి వెళుతుంది, కంపెనీ నియమాలు, ప్రోగ్రాములు దిగుతాయి. మైక్రోసాఫ్ట్‌లో ఈ ఏర్పాటును విండోస్ ఆటోపైలట్ అంటారు. ఆ యంత్రపు మదర్‌బోర్డు, ఇతర భాగాల వివరాలతో తయారైన ఒక గుర్తింపు సంకేతం కంపెనీ పేరిట మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉంటుంది. విండోస్ తీసేసి మళ్లీ వేసినా, హార్డ్ డిస్కే మార్చినా ఆ నమోదు చెరగదు, ఎందుకంటే అది యంత్రంలో లేదు. నమోదు చేసిన కంపెనీ తన జాబితాలోంచి తీసేస్తేనే మనకు విముక్తి. యంత్రం దొంగిలించినా, ఉద్యోగి తిరిగి ఇవ్వకపోయినా ఎవరికీ పనికిరాకుండా చేయడానికే ఈ ఏర్పాటు. అది న్యాయమైనదే. మధ్యలో తెలియక డబ్బు పెట్టినవాడు నలిగిపోతున్నాడు.

మరి మూడు నెలలు ఎలా పనిచేసింది? ఇక్కడే అసలు మాయ ఉంది. విండోస్‌ను మొదటిసారి అమర్చేటప్పుడు ఇంటర్నెట్ ఉంటేనే ఆ జాబితాను చూస్తుంది. దుకాణంలో ఇంటర్నెట్ కలపకుండా అమర్చి, మామూలు డెస్క్‌టాప్ తెర వచ్చాక అమ్మారు. ఆ తర్వాత వైఫై కలిపినా అది అడగదు. సెట్టింగ్స్‌లో ఆఫీసు లేదా పాఠశాల ఖాతాల పేజీ తెరిచి చూస్తే ఏ కంపెనీ పేరూ ఉండదు, శుభ్రంగా కనిపిస్తుంది. దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. తర్వాత ఎప్పుడో రీసెట్ చేసిన రోజున బయటపడుతుంది. ఆపాటికి దుకాణం ఇచ్చిన నెల రోజుల గ్యారంటీ ఎప్పుడో ముగిసిపోతుంది.

మిగిలిన ఐదింటినీ కార్యాలయానికి తెప్పించి ఒక్కొక్కటే పరీక్షించాం. మరొక దానికి ఇంకో కంపెనీ పేరు వచ్చింది. మూడోది బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందే వచ్చే యంత్రపు మూల సెట్టింగుల్లోకి వెళ్లబోతే పాస్‌వర్డు అడిగింది. పాత యజమాని పెట్టిన పాస్‌వర్డు అది. తయారీ సంస్థకు ఫోను చేస్తే, అసలు యజమాని రుజువు చూపనిదే ఏమీ చేయలేమన్నారు. వాళ్లు అలా అనడమే సబబు.

దుకాణానికి వెళితే మొదట ‘సెకండ్ హ్యాండ్ సరుకుకు హామీ ఉండదు’ అన్నారు. గట్టిగా అడిగితే, ఒక్కోదానికి 1,500 ఇస్తే ఆ తెర రాకుండా చేసి ఇస్తామన్నారు. అయ్యా, అమ్మా, దీనికి మాత్రం ఒప్పుకోకండి. జాబితాలో పేరు అలాగే ఉంటుంది, మళ్లీ ఒకరోజు పైకి వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం చట్టం వైపు నుంచి ఉంది. దొంగిలించిన వస్తువని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి దగ్గర ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. కంప్యూటర్ విషయంలో ఐటీ చట్టం 66బి కూడా ఉంది, దాని కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. తెర మీద మరొకరి పేరు కళ్లారా చూసి, డబ్బిచ్చి దాన్ని దాటించుకున్నాక ‘నాకు తెలియదు’ అని చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

మేము ఆ రెండు కంపెనీలకూ సీరియల్ నంబర్లు, బిల్లు ఫోటో, తెర ఫోటో జతచేసి ఈమెయిల్ రాశాం. రెండూ జవాబిచ్చాయి. ఒక కంపెనీ తన పాత యంత్రాలను సక్రమంగానే అమ్మేసింది, కానీ జాబితాలోంచి తీయడం మరిచిపోయింది. తొమ్మిది రోజుల్లో తీసేశారు, ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు మాదే. మలికిపురం ల్యాప్‌టాప్ కథ వేరు. ఇంటి నుంచి పనిచేస్తూ ఉద్యోగం మానేసిన ఒక వ్యక్తి దాన్ని తిరిగి ఇవ్వలేదట. కంపెనీ అప్పటికే పోలీసులకు ఫిర్యాదు చేసింది. మేము దాన్ని వాళ్లకు పంపేసి, అందినట్లు కాగితం తీసుకున్నాం. అలా 26,500 పోయాయి. ఒకే దుకాణం, ఒకే రోజు, ఒకేలాంటి తెర. ఒకటి మరుపు, మరొకటి చోరీ. తెర చూసి ఏది ఏదో చెప్పలేం కాబట్టి, మీకూ ఇలా జరిగితే ముందు ఆ కంపెనీకి రాయండి.

బయాస్ పాస్‌వర్డు ఉన్నదాని కోసం 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు ఇచ్చాను. దుకాణం వారు దిగివచ్చి దాన్ని వెనక్కి తీసుకుని 20,000 ఇచ్చారు. పంపేసిన దాని డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళదామనుకుంటున్నాను. సరుకు విలువ 5 లక్షల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు, రెండేళ్ల లోపు వెళ్లవచ్చు. అయితే బిల్లులో సీరియల్ నంబరు లేదు కదా, ‘ఆ ల్యాప్‌టాప్ మేము అమ్మిందేనని రుజువేమిటి’ అని వారు అడిగితే నా దగ్గర కొనుగోలు రోజున తీసిన ఒకే ఒక ఫోటో ఉంది. ఆ ఫోటో మీదే ఆధారపడి ఉన్నాను.

ఇక కొనేటప్పుడు ఏం చేయాలో చెబుతాను. డబ్బు ఇవ్వకముందే, అక్కడే కూర్చుని రీసెట్ చేయించండి. గంట, గంటన్నర పడుతుంది, పట్టనివ్వండి. రీసెట్ అయ్యాక నెట్‌వర్క్ అడిగినప్పుడు దుకాణం వైఫై వద్దు, మీ ఫోను హాట్‌స్పాట్ కలపండి. ఇంటర్నెట్ లేకుండా ముందుకు వెళదామని ఎవరైనా అంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి. ఇది మీ సొంత వాడకానికా, సంస్థకా అని విండోస్ అడిగితే సరే. ఏదైనా సంస్థ పేరు పెట్టి లాగిన్ అడిగితే లేచి వచ్చేయండి. యంత్రం ఆన్ చేస్తూ బయాస్‌లోకి కూడా వెళ్లి చూడండి: డెల్‌లో ఎఫ్ 2, హెచ్‌పీలో ఎఫ్ 10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్ 1 నొక్కాలి. పాస్‌వర్డు అడిగితే వద్దు. లోపల భద్రత విభాగంలో అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనే పేరు ఉండి, అది యాక్టివేట్ అయినట్లు చూపినా వద్దు. దాని ద్వారా పాత యజమాని దూరం నుంచే యంత్రాన్ని స్తంభింపజేయగలడు, విండోస్ మళ్లీ వేసినా అది తిరిగి మొలుస్తుంది. బయాస్‌లో చూపే సీరియల్ నంబరు అడుగున ఉన్న స్టిక్కరుతో సరిపోవాలి, అదే నంబరు బిల్లు మీదికి ఎక్కాలి.

మ్యాక్‌బుక్ అయితే అదే పద్ధతిలో చెరిపించి ఇంటర్నెట్ కలిపితే, కంపెనీదైన పక్షంలో ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అనే తెర వస్తుంది. పాత ఫోన్లకు మాత్రం ప్రభుత్వం ఒక మేలు చేసింది. సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో, లేదా 14422కు కేవైఎం (KYM) అని ఐఎంఈఐ అనే ఫోను గుర్తింపు నంబరుతో సందేశం పంపి ఫోను నల్లజాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లకూ అలాంటిది ఒకటి ఉండి ఉంటే నేను ఈరోజు ఇది రాసేవాడిని కాదు.

ఈ దెబ్బ తర్వాత మా యంత్రాలకు మేమే సరైన యజమానులుగా ఉండటం మొదలుపెట్టాం. ఏ సీరియల్ నంబరు ఎవరి ఇంట్లో ఉందో ఒక పుస్తకం పెట్టాం. డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్‌ను అన్నింటికీ పెట్టి, ఒక్కోదాని 48 అంకెల రికవరీ కీని కార్యాలయం బీరువాలో ఉంచాం. యంత్రం ఆ కీ అడిగిన రోజున అది లేకపోతే లోపలి లెక్కలు మాకూ తెరుచుకోవు. సొంత ఫోన్లలో ఆఫీసు ఈమెయిల్ పెట్టుకునే వారికి ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ విడిగా పెట్టించాం. ఉద్యోగం మానితే ఆ భాగం మాత్రమే చెరుపుతాం, వారి ఇంటి ఫోటోల జోలికి వెళ్లం. మా పాతవి అమ్మే రోజు వస్తే ముందు మా జాబితాలోంచి తీసి, తీసినట్లు కాగితం కొన్నవారి చేతికి ఇస్తాం.

ఆ దుకాణంలో అవే మోడళ్లు కిందటి వారం కూడా అమ్మకానికి ఉన్నాయి. ఈ ఏడాదిలో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ ఎక్కడ కొన్నవారైనా, దుకాణం గ్యారంటీ గడువు ఇంకా మిగిలి ఉండగానే రీసెట్ చేసి చూసుకోండి. కానీ ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును మరొక కంప్యూటర్‌లో తెరిచి ఫైళ్లు నిజంగా వచ్చాయో లేదో చూసుకున్నాకే రీసెట్ నొక్కండి.