దంపతుల దూరప్రయాణాలకు స్లీపర్ రైళ్ళు: ఏళ్ళ వాడకం తర్వాత సమీక్ష

ఉద్యోగ విరమణ తర్వాత ప్రపంచం చూడటానికి మావారూ నేనూ ఎంచుకున్నది రాత్రుళ్ళు పడుకుని వెళ్ళే దూరప్రయాణపు రైలు. సముద్రం దాటడానికి విమానం ఎక్కక తప్పదు గాని, దిగిన తర్వాత ఆ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రైల్లోనే వెళ్ళడం మా పద్ధతి. రష్యా, వియత్నాం, టాంజానియా, జాంబియా, అమెరికా, ఆస్ట్రేలియాలలో ఇలాగే తిరిగాం. చూసిన ఊళ్ళ ముచ్చట్లు ఇంకెప్పుడైనా చెప్పుకోవచ్చు. ఇక్కడ నేను రాస్తున్నది రైలు పెట్టె గురించి, అందులో భార్యాభర్తలు రోజుల తరబడి ఎలా గడపగలరన్న దాని గురించి. బయలుదేరాలనుకునే దంపతులు మమ్మల్ని మొట్టమొదట అడిగేది, ఇద్దరికే విడిగా గది దొరుకుతుందా అని. చాలా రైళ్ళలో దొరుకుతుంది. అయినా దాన్ని తీసుకోవద్దనే చెబుతాను. ఆ మాట ఎందుకంటున్నానో వివరించడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా రష్యాలోని ట్రాన్స్-సైబీరియన్ రైలు మార్గం సంగతి. మాస్కో నుంచి వ్లాదివొస్తోక్ వరకు 9,289 కిలోమీటర్లు. 1891లో పని మొదలై, 1916లో ఖబరోవ్‌స్క్ వద్ద ఆమూర్ నది మీద వంతెన పూర్తయ్యాక దారి మొత్తం రష్యా నేల మీదుగానే సాగింది. ఈ రైళ్ళలో పడక పెట్టెలు ప్రధానంగా మూడు రకాలు. పెట్టెకు 18 మందే ఉండే రెండు బెర్తుల గదులు ఒక రకం. 36 మందికి సరిపడే నాలుగు బెర్తుల గదులు రెండో రకం, వీటిని కుపే అంటారు. తలుపులు లేకుండా 54 బెర్తులుండే ప్లత్స్‌కార్త మూడోది. ఈ మూడో రకాన్ని చూడగానే మన స్లీపర్ బోగీ గుర్తుకొస్తుంది. నడవకు అవతల సైడ్ బెర్తులు కూడా ఉంటాయి, కాకపోతే మధ్య బెర్తు ఉండదు. మేము 2019 వేసవిలో వెళ్ళినప్పుడు మాస్కో నుంచి యెకతెరీన్‌బుర్గ్ వరకు ఇద్దరి గదిలోనూ, అక్కడి నుంచి ఇర్కుత్‌స్క్ వరకు కుపేలోనూ, ఇర్కుత్‌స్క్ నుంచి ఉలాన్-ఉదే వరకు ప్లత్స్‌కార్తలోనూ ప్రయాణించాం. అందువల్ల ఒకే దారిలో మూడింటినీ పోల్చి చూసే వీలు కలిగింది.

ఇద్దరి గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. రెండూ కింది బెర్తులే కాబట్టి ఎక్కి దిగే బాధ ఉండదు. అయితే తలుపు వేసుకుంటే మనం మన ఇంట్లోనే ఉన్నట్టు. కిటికీలోంచి బర్చ్ చెట్ల అడవి గంటల తరబడి ఒకే తీరుగా సాగిపోతుంటే, దశాబ్దాలు కలిసి బతికిన ఇద్దరికి కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. కుపేలో ఆ కొరత తీరింది. ఒక స్టేషన్లో మా ఎదుటి కింది బెర్తులోకి నొవొసిబీర్‌స్క్ వెళ్ళే ఒక బామ్మగారు వచ్చారు. కూర్చోగానే చిన్న బల్ల మీద వార్తాపత్రిక పరిచి, సంచిలోంచి తోట దోసకాయలు తీసి, నిలువుగా చీల్చి, ఉప్పు రాసి, రెండు చెక్కలను ఒకదానితో ఒకటి రుద్ది మా చేతుల్లో పెట్టారు. మేము అటుకుల్లో కందిపొడి కలిపి ఇచ్చాం. ఫోన్లోని అనువాద యాప్ సాయంతో సగం, చేతులతో సగం మాట్లాడుకుంటూ ఆమె ఆ సాయంత్రమంతా తన మనవల ఫొటోలు చూపించారు. రాత్రి పడుకునే ముందు ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి మగవాళ్ళు చెప్పకుండానే నడవలోకి వెళ్ళి నిలబడటం, పగటి పూట పై బెర్తువాళ్ళకు కింది బెర్తువాళ్ళు చోటివ్వడం అక్కడి మర్యాద. అపరిచితులతో గది పంచుకోవడానికి జంకే స్త్రీలు ఈ విషయం తెలుసుకుంటే సగం భయం తీరుతుంది. ఆడవాళ్ళకే కేటాయించిన కుపేలు కూడా ఉంటాయి, కాని దంపతులకు అవి పనికిరావు.

తిండి విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే శాకాహారులైన మనవాళ్ళు ఎక్కువగా వెనకాడేది అక్కడే. రష్యా దూరప్రయాణపు రైళ్ళలో ప్రతి పడక పెట్టె చివర పెద్ద బాయిలర్ ఉంటుంది. అందులో వేడినీళ్ళు రాత్రీ పగలూ ఉచితంగా దొరుకుతాయి. పెట్టెను చూసుకునే పరిచారికను ప్రొవొద్నీత్సా అంటారు. లోహపు పిడిలో అమర్చిన గాజు గ్లాసును ఆమె దగ్గర అడిగి తీసుకుని మన టీ మనమే కలుపుకోవచ్చు. మేము ఇంటి దగ్గరే బొంబాయి రవ్వను నేతిలో వేయించి, తాలింపు కలిపి, పొట్లాలు కట్టి తీసుకెళ్ళాం. వెడల్పు మూతి ఉన్న స్టీలు ఫ్లాస్కులో రవ్వకు రెండింతలు కంటే కాస్త ఎక్కువగా మరుగునీళ్ళు పోసి, మూత బిగించి పావుగంట ఉంచితే ఉప్మా తయారవుతుంది. నీళ్ళు పట్టిన వెంటనే ఒకసారి గరిటె కాడతో కలపకపోతే అడుగున ఉండ కడుతుంది. అటుకులకు, సేమ్యాకు ఆ ఇబ్బంది కూడా లేదు. బంగాళాదుంప లేదా క్యాబేజీ కూరిన పిరోష్కీలు కొన్ని స్టేషన్లలో దొరుకుతాయి. నడవలో గోడకు తగిలించిన పట్టికలో ఏ స్టేషన్లో రైలు ఎన్ని నిమిషాలు ఆగుతుందో రాసి ఉంటుంది. అది చూసుకోకుండా ప్లాట్‌ఫారం మీదికి దిగకూడదు.

బైకాల్ సరస్సు కోసమే ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇర్కుత్‌స్క్–ఉలాన్-ఉదే భాగాన్ని పగటి పూట రైలుకే కొనుక్కోవాలి. తూర్పుకు వెళ్ళేటప్పుడు సరస్సు ఎడమ చేతి వైపు, స్ల్యుద్యాంక దగ్గర నుంచి గంటల తరబడి, కొన్నిచోట్ల పట్టాల అంచునే కనిపిస్తుంది. 1,642 మీటర్ల లోతున్న ఆ నీటిని చూడటానికి ప్లత్స్‌కార్తే అన్నిటికంటే మేలు, ఎందుకంటే తలుపులు, గోడలు లేకపోవడం వల్ల రెండు వైపుల కిటికీలూ అందరికీ అందుతాయి.

నా అభిప్రాయం గట్టిపడింది మాత్రం ఆఫ్రికాలో. టాంజానియాలోని దారెస్సలాం నుంచి జాంబియాలోని కపిరి మ్పోషి వరకు 1,860 కిలోమీటర్లు వెళ్ళే తజారా మార్గాన్ని 1970 దశకంలో చైనా సాయంతో నిర్మించారు. ఇందులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేర్వేరు గదులిస్తారు. దంపతులు ఒకే గదిలో ఉండాలంటే ఆ గదిలోని బెర్తులన్నీ కొనుక్కోవలసిందే. మేము కొనలేదు. మావారు పక్క గదిలో, నేను ముగ్గురు స్త్రీలతో ఒక గదిలో ఉన్నాం. వారిలో బట్టల వ్యాపారం చేసే ఒకామె, పరిచయమైన గంటలోపే వీపున కాంగా గుడ్డతో కట్టుకున్న పసివాణ్ణి విప్పి నా ఒళ్ళో పెట్టి, డైనింగ్ పెట్టెకు వెళ్ళి నాకూ కలిపి వలి మహారగే తెచ్చింది. అన్నం మీద ఎర్ర చిక్కుడు గింజల కూర. ఉల్లి, టమాటా వేసి ఉడికించిన ఆ కూరకు మన రుచికి కారం ఒక్కటే తక్కువ. ఆ సాయంత్రం అభయారణ్యం మీదుగా వెళుతుండగా జిరాఫీలు కనబడ్డప్పుడు గదుల్లోని వాళ్ళంతా నడవలోకి వచ్చారు, మావారూ వచ్చారు. రాత్రి భోజనం దగ్గర ఆయన తన గదిలో విన్న రాగి గనుల కబుర్లు చెప్పారు, నేను నా గదిలోని పెళ్ళిళ్ళ కబుర్లు చెప్పాను. విడివిడిగా ఉండటం వల్ల ఒకరికొకరం చెప్పుకోవడానికి అంత సరుకు పోగైంది. ఇద్దరి గదిలో ఇది జరగదు. అయితే ఈ మార్గంలో రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవడం మామూలే కాబట్టి, దిగిన రోజునే విమానం ఎక్కేలా టికెట్లు కొనకూడదు.

అబ్బాయి దగ్గరకో అమ్మాయి దగ్గరకో అమెరికా వెళ్ళి, నెలల తరబడి నాలుగు గోడల మధ్య గడిపే తల్లిదండ్రులకు నేను ప్రత్యేకంగా చెప్పేది కాలిఫోర్నియా జెఫిర్ అనే రైలు గురించి. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎదుటి ఒడ్డునున్న ఎమెరీవిల్ వరకు 2,438 మైళ్ళు, రెండు రాత్రులు. ఇందులో రూమెట్ అనే చిన్న గదిలో ఎదురెదురు కుర్చీలు రెండు కలిసి రాత్రికి కింది పడక అవుతాయి, పై పడక గోడలోంచి దిగుతుంది. గది ఇద్దరిదే అయినా భోజనం మాత్రం నలుగురి బల్ల మీద, పరిచయం లేని వాళ్ళతో కూర్చోబెడతారు. స్లీపర్ టికెట్లోనే భోజనం ఖర్చు కలిసి ఉంటుంది. రాకీ పర్వతాల కింద దాదాపు పది కిలోమీటర్ల మొఫాట్ సొరంగంలోకి వెళ్ళేటప్పుడు పెట్టెల మధ్య తలుపులు తెరవవద్దని ప్రకటిస్తారు, బయటికి వచ్చాక కొంతసేపటికి రైలు కొలరాడో నది పక్కకు చేరుతుంది. ఆ సమయంలో గదిలో ఉండకుండా అద్దాల పెట్టెలో కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు టికెట్ కొనేటప్పుడే కింది అంతస్తు గది అడగాలి. పట్టాలు చాలావరకు సరుకు రవాణా కంపెనీలవి కావడం వల్ల ఇక్కడ కూడా ఆలస్యాలు తప్పవు.

వియత్నాంలో హనోయి–సైగాన్ మార్గం 1,726 కిలోమీటర్లు, మీటర్ గేజి. గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజి రోజులు ఎరిగినవారికి ఆ ఊపు, ఆ సన్నటి పెట్టె కొత్త కావు. ఫ్రెంచివారు 1936లో పూర్తిచేసిన ఈ దారి యుద్ధంలో తెగిపోయి, 1976 చివర మళ్ళీ కలిసింది. నాలుగు బెర్తుల మెత్తటి పడకలు, ఆరు బెర్తుల గట్టి పడకలు ఉంటాయి. ఆరింటిలో మూడో అంతస్తు పడక మీద కూర్చోవడం కుదరదు కనుక నాలుగింటిదే తీసుకోవాలి. హుయే నుంచి దనాంగ్ వెళ్ళేటప్పుడు హాయ్ వాన్ కనుమ దగ్గర ఎడమ పక్క సముద్రం కనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలోని ఇండియన్ పసిఫిక్ సిడ్నీ నుంచి పెర్త్ వరకు 4,352 కిలోమీటర్లు వెళుతుంది, నల్లర్‌బోర్ మైదానంలో 478 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేకుండా సాగుతుంది. సాధారణ కుర్చీల తరగతిని 2016లో తీసేశారు; ఇప్పుడది విహారయాత్రల రైలే, ధర కూడా అలాగే ఉంటుంది. ఆవకాయ, పొడులు ఏమున్నా ఆ దేశంలో దిగగానే పత్రంలో రాసి చూపించాలి.

లోపాలు కూడా చెప్పాలి. పాత పెట్టెల్లో స్నానానికి వీలుండదు, తడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకోవడమే. పక్కవాళ్ళ గురక భరించలేనివారు, రాత్రి నాలుగైదుసార్లు లేవవలసిన ఆరోగ్య సమస్య ఉన్నవారు, ఫ్రిజ్‌లో ఉంచవలసిన మందులు వాడేవారు నలుగురి గదిలో సుఖపడలేరు. వారికి ఇద్దరి గదే మేలు, లేదా మధ్యలో ఒకటి రెండు ఊళ్ళలో దిగి పడుకుని వెళ్ళడం ఇంకా మేలు. దూరప్రయాణం భారమవుతుందేమోనన్న సందేహం ఉంటే, విదేశాలకు వెళ్ళకముందే మన దిబ్రూగఢ్–కన్యాకుమారి వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చూడవచ్చు. 4,100 కిలోమీటర్లకు పైగా, మూడు రాత్రులకు తక్కువ కాకుండా సాగే ఆ ప్రయాణంలో విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ స్టేషన్లు కూడా వస్తాయి. ఒళ్ళు సహకరించకపోతే సొంత నేల మీదే దిగిపోవచ్చు.

రష్యా వెళ్ళేవారికి 2023 ఆగస్టు నుంచి ఈ-వీసా దొరుకుతోంది. మన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు కాబట్టి నగదు తీసుకెళ్ళాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో అని తడబడేది మన తెలుగువాళ్ళే కనుక కొనే ముందు రెండుసార్లు సరిచూసుకోవాలి. అక్కడి కుపేలో బేసి సంఖ్యలు కింది బెర్తులు, సరి సంఖ్యలు పై బెర్తులు. అరవై దాటిన దంపతులు ఎదురెదురు కింది బెర్తులు తీసుకోవాలి. ఇద్దరిలో ఒకరైనా నిచ్చెన ఎక్కగలిగితే మాత్రం ఒకే పక్కనున్న కిందిదీ పైదీ తీసుకుని, అవతలి పక్క కింది బెర్తును వచ్చే మనిషికి వదిలేయండి.